పెరిగే పిల్లాడి బ్యాటు

జ్ఞాపకాలు రాసుకోవాలంటే తల కాస్త నెరవాలని, కనీసం మోకాళ్ళైనా నొప్పి పెట్టాలని మా ఆఫీసులో పెద్దవాళ్ళు అంటుంటారు. నాకు ఇరవై ఏడు. తలకు ఇంకా ఏమీ కాలేదు గాని, మోకాళ్ళ విషయంలో గత వారమే అర్హత సంపాదించాను. అమ్మానాన్నలు దోహా పక్కన ముఐథర్‌లో ఇన్నేళ్ళూ ఉన్న ఇల్లు ఖాళీ చేసి అల్ వక్రాకు మారుతున్నారు. అల్ సద్‌లో నా గదికి తాళం వేసుకుని సాయానికి వెళ్ళాను. సాయమంటే, నాన్న ఒక చివర పట్టుకుని "ఎత్తరా" అన్నప్పుడు రెండో చివర మొత్తం బరువు నేను ఎత్తడం. అలా ఫ్రిజ్ జరిపినప్పుడు, దానికీ దేవుడి అలమారకీ మధ్య ఉన్న సందులోంచి ఒక ప్లాస్టిక్ గరిటె, ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి, వాటితోపాటు ఒక బేస్‌బాల్ బ్యాటు బయటపడ్డాయి. గరిటె దొరికినందుకు అమ్మ సంతోషించింది. నేను బ్యాటు తీసుకుని, హాల్లో అట్టపెట్టెల మధ్య చోటు చూసుకుని నిలబడి, గాల్లోకి ఒకసారి తిప్పాను. హాయిగా తిరిగింది. పొడుగు సరిపోయింది, బరువు సరిపోయింది, చేతిలో కొలిచి చేసినట్టుగా ఉంది.

"చూశావా? పెరుగుతావని చెప్పానా లేదా?" అన్నాడు నాన్న, టేపు చుట్ట పళ్ళతో కొరుకుతూ.

చెప్పాడు. అది కొన్నప్పుడు నేను తొమ్మిదో తరగతి. నా ఎత్తు ఆ ఫ్రిజ్ హ్యాండిల్ దాకా వచ్చేది, అది కూడా బూట్లు వేసుకుంటే.

మా నాన్నది కాకినాడ వైపు. ఇక్కడ ఒక ఏసీ మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్. ఎవరి గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో గుమ్మంలో నిలబడి, కిటికీ ఎటుందో చూసి, ఒక్క చూపులో చెప్పేసేవాడు. గదికి మించిన ఏసీ పెడితే ఏమవుతుందో, అది ఎలా వెంటవెంటనే ఆగి ఆగి నడుస్తుందో, తేమ ఎందుకు పోదో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ టీ చల్లారేదాకా వివరించేవాడు. "దేనికి ఎంత కావాలో అంతే ఉండాలండీ, ఎక్కువైనా జబ్బే" అనేవాడు. ఈ శాస్త్రమంతా మా ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి లోపలికి వచ్చేవాడు. కొడుక్కి ఏది కొన్నా రెండు సైజులు పెద్దదే కొనాలి. ఎందుకంటే పెరిగే పిల్లాడు. నా స్కూలు ప్యాంట్లు కింద ఎన్ని మడతలు పెట్టి కుట్టేవారంటే, నడుస్తుంటే చీలమండల చుట్టూ దిండ్లు కట్టుకున్నట్టుండేది. నా బూట్లలో కాలివేళ్ళకు ముందు అమ్మ దూది కుక్కేది. వానాకాలమంటూ లేని ఊళ్ళో నాకొక రెయిన్‌కోటు ఉండేది, అది కూడా పెద్దదే. సైకిల్ కొన్నాడు గాని దాని పెడల్ నాకు అందేసరికి సైకిల్ తుప్పు పట్టింది.

అసలు బేస్‌బాల్ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా చుట్టుపక్కల పిల్లలందరూ క్రికెట్టే ఆడేవారు. పైగా అందరూ బాగా ఆడేవారు. అందుకే జట్టులో చోటు దొరకడమంటే మెడికల్ సీటు దొరికినట్టు. నాన్న నన్ను తీసుకుని వెళితే, పేరు రాసుకుని, ఎప్పుడైనా ఖాళీ అయితే పిలుస్తామన్నారు. ఇంకా పిలవలేదు. అదే సమయంలో నాన్న కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే డానిలో అనే ఫిలిప్పీన్స్ ఆయన శుక్రవారాలు పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాడని, తొమ్మిదిమంది కావాల్సిన చోట ఎనిమిదిమందే దొరికారని తెలిసింది. నాన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "బ్యాటే కదా, బంతే కదా," అన్నాడు. నా క్రీడాజీవితం అలా మొదలైంది. నా ప్రతిభను గుర్తించినవాళ్ళు ఎవరూ లేరు, తొమ్మిది అనే అంకె తప్ప.

ఆ శుక్రవారాల వాసన ఇప్పటికీ తెలుసు నాకు. గురువారం సాయంత్రం అమ్మ రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పులిసి, మూత పైకెత్తి, వంటింట్లో నిలబడి ఉండేది. కిటికీ ఏసీలోంచి కారే నీటిని పట్టే బకెట్టు నిండితే నాన్న దాన్ని బాల్కనీలో తులసి కుండీకి పోసేవాడు. తడి మట్టి వాసన మాకు ఆ కుండీలోంచే వచ్చేది. తర్వాత నాన్న షేవింగ్ క్రీమ్ వాసన. వారంలో ఒక్క సెలవు రోజు కూడా డ్యూటీకి వెళ్ళినట్టే తయారయ్యేవాడు. పెట్టెలో ఇడ్లీలు, ఫ్లాస్కులో టీ, వెనక సీట్లో బ్యాటు. ఆ బ్యాటును పడుకోబెట్టేవాడు కాదు, కూర్చోబెట్టి సీటు బెల్టు పెట్టేవాడు. దారిలో పనివాళ్ళు ఉండే క్యాంపు దగ్గర ఆగి రాజన్న కాకను ఎక్కించుకునేవాళ్ళం. రాజన్నది నిజామాబాద్ వైపు ఊరు. నాన్న కింద డక్టింగ్, అంటే ఏసీ గాలి గొట్టాలు బిగించే పని చేసేవాడు, శుక్రవారం భోజనం మా ఇంట్లోనే. మొదట్లో నేను 'బాబాయ్' అంటే ఒప్పుకోలేదు. "కాకా అని పిలువు బిడ్డా, బాబాయ్ అంటే ఎవల్నో పిలిచినట్టుంటది" అన్నాడు. ఆయన రోజూ ఊరికి ఫోన్ చేసి నా ఆట గురించి చెప్పేవాడు. "మా సారు కొడుకు దుబాయ్‌ల బేస్‌బాల్ ఆడుతుండని చెప్పిన. దోహా అంటే ఆళ్ళకు సమజ్ గాదు, దుబాయ్ అంటేనే ఖుషీ అయితరు." అలా నేను వెళ్ళని దేశంలో, నేను కొట్టని బంతులతో, నాకు మంచి పేరే వచ్చింది.

కొట్టని బంతులనడం అతిశయోక్తి కాదు. ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను. ఎదుటివాడు బంతి నేల తాకకుండా విసురుతాడు, మనం కొట్టి మొదటి మజిలీకి, అంటే బేస్‌కు, పరిగెత్తాలి, మూడుసార్లు గాలిని కొడితే ఇంటికి. ఆ ఏడాదంతా నేను గాలిని కొట్టాను. అలా ఇలా కాదు, గాలికి ఒళ్ళు నొప్పి పుట్టేలా కొట్టాను. మొదటి రోజు కోచ్ నా బ్యాటు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసి, నాన్నతో చాలా మర్యాదగా, "బాస్, బ్యాట్ లిటిల్ బిగ్" అన్నాడు. నాన్న అంతే మర్యాదగా, "గ్రోయింగ్ బాయ్, కోచ్" అన్నాడు. ఇక కోచ్ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన గదిలో ఏసీ ప్రతి వేసవిలోనూ చెడిపోయేది, ప్రతి వేసవిలోనూ నాన్న వెళ్ళి ఊరికే బాగుచేసి వచ్చేవాడు. ఖతర్‌లో ఏసీ బాగుచేసే మనిషితో ఎవరూ వాదించరు.

దాంతో తప్పంతా బ్యాటును వదిలేసి నా శరీరంలో వెతకడం మొదలైంది. కోచ్ దగ్గర మంచి ఓపిక ఉండేది. నా మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండకుండా దూరంగా పోతున్నాయన్నాడు. నడుము ముందు తిరిగిపోతోంది, చేతులు తర్వాత బయల్దేరుతున్నాయన్నాడు. వెనక భుజం కుంగుతోంది, బ్యాటు తల కిందికి జారుతోంది, అందుకే బావిలోంచి నీళ్ళు తోడినట్టు కొడుతున్నానన్నాడు. ముందు కాలు గట్టిగా ఊనమన్నాడు. ఊనేవాణ్ణి. కాలు ఆగేది, కాలి చుట్టూ ఉన్న బూటు ఇంకా కొంత దూరం వెళ్ళేది. అన్నిటికన్నా ముఖ్యం బంతిని చూడమన్నాడు. "చూడు, ఆగు, అప్పుడు నిర్ణయించుకో. నీకు నచ్చని బంతి వదిలెయ్. నాలుగు చెడ్డ బంతులు వదిలితే ఊరికే నడిచి వెళ్ళొచ్చు" అనేవాడు తన ఇంగ్లీషులో. ఇది చాలా మంచి సలహా. కాని ఆ బ్యాటు భుజం మీంచి కదిలి బంతి వచ్చే చోటికి చేరడానికి పట్టే సమయం చూస్తే, నేను బంతిని చూసి నిర్ణయించుకునే లోపల బంతి పట్టేవాడి చేతిలో పడి, వాడు తిరిగి విసిరేసి, చెయ్యి దులుపుకునేవాడు. అందుకని ఎదుటివాడు చెయ్యి ఎత్తగానే నేను మొదలుపెట్టేవాణ్ణి. మంచి బంతో చెడ్డ బంతో దేవుడి మీద భారం వేసి, కళ్ళు మూసుకుని, నడుము తిప్పి వదిలేవాణ్ణి. నేల మీద పడ్డ బంతులకు తిప్పాను, తలమీంచి పోయే బంతులకు తిప్పాను. ఒకసారి బంతి విసరకుండా వాడు బూటు లేసు కట్టుకోవడానికి వంగితే దానికి కూడా తిప్పాను.

గ్రౌండ్ గట్టు మీంచి సలహాలు వేరే. నాన్న సిద్ధాంతం, "చేతిలో బ్యాటు పెట్టుకుని వదిలెయ్యడమేంట్రా? కొట్టు!" రాజన్న కాకది ఇంకో సిద్ధాంతం. "సమ్మెట లేపినట్టు లేపు బిడ్డా, గోడ కూలగొట్టినట్టు కొట్టు. గా బాలుకు భయం పెట్టాలె." నేను ఆయన చెప్పినట్టు సమ్మెట ఎత్తినట్టు ఎత్తితే, బ్యాటు బరువుకు వెనక్కి ఒరిగి, అంపైర్ మీద కూర్చున్నంత పని చేశాను. "భయం పెట్టినవ్ గని, ఆయనకు పెట్టినవ్," అన్నాడు కాక.

మా జట్టులో నాకు స్నేహితుడు కెంజి. జపాన్ పిల్లాడు, నాకంటే ఒక తల పొట్టి, మాట తక్కువ. వాడి బ్యాటు మా అమ్మ చపాతీ కర్రకు తమ్ముడిలా ఉండేది. దాంతో వాడు ప్రతి వారం ఏదో ఒకటి కొట్టి పరిగెత్తేవాడు. నేను జాలిపడేవాణ్ణి. పాపం, వాళ్ళ నాన్న పెద్ద బ్యాటు కొనిపెట్టలేకపోయాడే అని.

పదో తరగతిలోకి వచ్చాక అమ్మ రంగంలోకి దిగింది. అమ్మ ఎప్పుడూ గ్రౌండ్‌కు రాలేదు. ఎండ తగిలితే తలనొప్పి. కాని స్కోరు మాత్రం మేము గుమ్మంలోకి అడుగుపెట్టే తీరు చూసి చెప్పేసేది. ఒక శుక్రవారం చేపల పులుసు గిన్నె మధ్యలో పెట్టి, గరిటె నిలబెట్టి, నాన్నను అడిగింది.

"ఏవండీ, పోయిన ఏడాదంతా చూశాను. వీడు బంతి కొట్టడం మీరెప్పుడైనా చూశారా?"

"దగ్గర్లోకి వస్తున్నాడు," అన్నాడు నాన్న.

"బంతికా, పబ్లిక్ పరీక్షకా?"

రాజన్న కాక ముల్లు తీసుకోవడంలో లీనమైపోయాడు.

"దసరా దాకా చూస్తాను," అంది అమ్మ. "ఈలోగా ఒక్కసారైనా, ఒక్కటంటే ఒక్కటి, కొట్టి పరిగెత్తాడా సరే. లేదంటే శుక్రవారం పొద్దున్న లెక్కల ట్యూషన్. మాస్టారు పక్క సందులోనే. నడిచి వెళ్ళొచ్చు, కావాలంటే బ్యాటు కూడా పట్టుకెళ్ళమనండి."

నాకు లెక్కలంటే భయం లేదు, మా మధ్య పరిచయం లేదు అంతే. బాధ వేరే ఉంది. నాన్న వారమంతా నేను లేవకముందే వెళ్ళి, నేను చదువుకుంటూ నిద్రపోయాక వచ్చేవాడు. మాకిద్దరికీ ఉన్నది ఆ శుక్రవారం పొద్దుటే. ఆ కారులో, ఆ గట్టు మీద, ఫ్లాస్కు మూతలో చెరి సగం టీ పోసుకుని తాగేటప్పుడే నాన్న నాతో సూపర్‌వైజర్‌లా కాకుండా మాట్లాడేవాడు. ట్యూషన్ వస్తే ఆయన శుక్రవారం ఏం చేస్తాడో నాకు తెలుసు. ఇంట్లో బాగానే ఉన్న ఏసీని విప్పుతాడు. ఇదంతా అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానని కాదు. అప్పుడు అనుకున్నదల్లా, ఎలాగైనా ఒక్కటి తగలాలి, కనీసం బంతి వచ్చి బ్యాటుకు తగిలినా చాలు అని.

దసరా దగ్గరపడింది, బంతి దగ్గరపడలేదు. మహర్నవమి శుక్రవారం వచ్చింది. ఆ రోజే మ్యాచ్, అమ్మ ఇచ్చిన గడువుకు చివరి మ్యాచ్. మా ఇంట్లో ఆయుధపూజ గట్టిగానే చేసేవాళ్ళం. నాన్న స్క్రూడ్రైవర్లు, గేజీలు, పెద్ద స్పానర్, అమ్మ కుట్టుమిషన్, కత్తిపీట, అన్నిటికీ పసుపు, కుంకుమ, పూలు. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోకూడదు, దానికి విశ్రాంతి. ఈ నియమంలోని గొప్పతనం నేను చిన్నప్పుడే కనిపెట్టాను. అందుకే ఏటా అందరికన్నా ముందు లేచి, భక్తితో, లెక్కల పుస్తకం తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టేసేవాణ్ణి. ఆ ఏడు కూడా పెట్టేసి, స్నానం చేసి, జెర్సీ వేసుకుని వచ్చేసరికి లెక్కల పుస్తకం పక్కనే నా బ్యాటు పడుకుని ఉంది. నిలువునా గంధం, మెడలో చామంతుల దండ. అమ్మ దాన్ని సరిగ్గా జరపడానికి రెండు చేతులతో ఎత్తి, "అబ్బ, ఇదేవిట్రా రోకలిలా ఉంది!" అని, దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

నాన్న కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. "అదేంటే, ఇవాళ మ్యాచ్ కదా!"

"తెలుసు. పూజలో ఉంది. ఇవాళ ముట్టుకోకూడదు."

"కారుకు కూడా పూజ చేశావుగా? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టావుగా?"

"కారు వాహనం. బ్యాటు ఆయుధం."

"అమ్మా, అది ఇంతవరకూ దేనికీ తగల్లేదు, ఆయుధం ఎలా అవుతుందే?" అన్నాను.

"నీ లెక్కల పుస్తకానికి విశ్రాంతి కావాలి గాని బ్యాటుకు అక్కర్లేదా? వెళ్ళు, ఆలస్యమవుతోంది," అని, కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. దాని నుదుటన కుంకుమ బొట్టు ఇంకా తడిగానే ఉంది. ఆ ఇంట్లో ఆ రోజు విశ్రాంతి అక్కర్లేని ఆయుధం అదొక్కటే అయ్యుండాలి.

నాన్న కారెక్కాడు. ఖాళీ సీటుకు సీటు బెల్టు పెట్టబోయి మానేశాడు. గ్రౌండ్ దగ్గర కెంజి, "నీ బ్యాటేది?" అనడిగాడు. "దేవుడి దగ్గరుంది," అన్నాను ఇంగ్లీషులో. కెంజి ముఖం వాడిపోయింది. కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులతో తన బ్యాటు నాకు అందించాడు. ఆపదలో ఉన్న కుటుంబానికి సాయం చేసినట్టు తీసుకున్నాను. చేతిలోకి రాగానే, ఇది సగమేనా, మిగతా సగం ఎక్కడుందని అడుగుదామనుకున్నాను.

నా వంతు వచ్చింది. అలవాటు ప్రకారం ఎదుటివాడు చెయ్యి ఎత్తగానే తిప్పాను. బ్యాటు చుట్టూ తిరిగి వచ్చి, నేను మళ్ళీ సర్దుకుని నిలబడ్డాక, బంతి తీరిగ్గా వచ్చి వెళ్ళింది. విసిరినవాడు కూడా ఆశ్చర్యపోయాడు. "ఆగు బిడ్డా! బాలు ఇంక రానే లేదు!" అని అరిచాడు రాజన్న కాక.

ఆగాను. రెండో బంతికి నిజంగానే ఆగాను. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నాకు తెలియని సంగతి. బంతి కనిపిస్తుంది. వాడి చేతిలోంచి బయల్దేరడం, తెల్లటి తోలు మీద ఎర్రటి కుట్లు తిరగడం, అది నాకు దూరంగా, పక్కకు పోతుండడం. పోనీలే అనుకున్నాను. వదిలేశాను. జీవితంలో మొదటిసారి ఒక బంతి నాకు నచ్చలేదు. కోచ్ టోపీ తీసి, ఒకసారి లోపల చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

మూడో బంతి నడుము ఎత్తులో, నా కోసమే వచ్చినట్టు వచ్చింది. నేను ఏమీ ఆలోచించలేదు. మోచెయ్యి దానంతటదే ఒంటికి ఆనుకుంది, నడుము తిరిగింది, చేతులు వెనకే వచ్చాయి. కోచ్ ఏడాదిగా విడివిడిగా చెప్పిన సామానంతా ఎవరో ఒక్కసారిగా బిగించినట్టయింది. 'టక్' మంది. ఎంత చిన్న చప్పుడో! అంత పెద్ద ఏడాదికి ఆ చప్పుడేనా అనిపించింది. బంతి ఇద్దరు పిల్లల మధ్యలోంచి, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా, చాలా దూరం వెళ్ళింది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. ఆ తర్వాత ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు, అవసరం పడుతుందని ఎవరూ అనుకోలేదు.

"రన్! రన్!" అంటున్నాడు కోచ్. "యల్లా, యల్లా!" అంటోంది జట్టు. "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అంటున్నాడు కాక. నాన్న "ఒరేయ్! ఒరేయ్! ఒరేయ్!" అంటున్నాడు. పరిగెత్తాను. సగం దారిలో ఒక బూటు ఆగిపోయింది, నేను ఆగలేదు. మొదటి బేస్ చేరి వెనక్కి చూస్తే, ఎర్రమట్టి దారిలో ఒంటి బూటు, దాని పక్కన తెల్లటి దూది ఉండ. ఆ మ్యాచ్ మేము ఓడిపోయాం. ఆ సంగతి మా ఇంట్లో ఈ రోజుకీ ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ నా చుట్టూ చేరి గోల చేస్తుంటే, నాన్న ఒక్కడూ వెళ్ళి నేను పడేసిన కెంజి బ్యాటును ఎత్తాడు. అరచేతి మీద పెట్టి తూచాడు. ఒకసారి, ఎవరూ చూడటం లేదనుకుని, గాల్లో చిన్నగా తిప్పాడు. తుండుతో మట్టి తుడిచి కెంజికి ఇచ్చేశాడు. అలాంటి ముఖం ఆయనలో నేను ఇంకెప్పుడూ చూడలేదు. చిన్న గదికి పెద్ద ఏసీ బిగించి ఏడాది తర్వాత తెలుసుకున్న మనిషి ముఖం.

దారి పొడుగునా రాజన్న కాక మాట్లాడుతూనే ఉన్నాడు. క్యాంపులో వాళ్ళకు చెప్పాలి, ఊరికి చెప్పాలి, దుబాయ్‌లో కొట్టాడని చెప్పాలి. ఇంటికి వెళ్ళగానే అమ్మ తలుపు తీసి, నా ఒంటి బూటు చూసి, "కొట్టాడా?" అంది.

"కొట్టిండక్కా! గట్టిగ కొట్టిండు! గంత దూరం పోయింది!" అన్నాడు కాక, గంత దూరమెంతో చూపిస్తూ లైటుకు చెయ్యి తగిలించుకుని.

"మరి? పూజంటే ఏవనుకున్నారు!" అంది అమ్మ.

నాన్న దేవుడి ముందు దండ వేసుకుని పడుకున్న బ్యాటు వైపు చూశాడు. నోరు తెరిచాడు. నేను భయపడ్డాను, నిజం చెప్పేస్తాడేమోనని. ఆయన నోరు మూసి, చెప్పులు విడిచి, "అవును, ఈసారి పూజ బాగా చేశావు," అన్నాడు.

భోజనాల దగ్గర నా విస్తట్లో ఒక గారె ఎక్కువ పడింది. నేను ధైర్యం చేసి ట్యూషన్ సంగతి ఎత్తాను.

"మాస్టారుకి శనివారాలు కూడా కుదురుతాయట," అంది అమ్మ.

"ఎప్పుడడిగావు?" అన్నాడు నాన్న.

"నిన్న," అని, ఆయనకు పులిహోర వడ్డించింది.

మా ఆఫీసులో ఒకాయన కొడుకు ఇప్పుడు బేస్‌బాల్ నేర్చుకుంటున్నాడు. వాడి బ్యాటును ఎత్తు, బరువు, చేతి పొడుగు చూసి ఎంచారట. వాడు తిప్పే తీరును ఫోన్‌లో నెమ్మదిగా నడిపించి, నడుము దగ్గర ఒక గీత, మోచెయ్యి దగ్గర ఒక గీత గీసి పంపిస్తారట. ఆయన ఆ వీడియో టీ టైములో మాకు చూపిస్తాడు. చాలా చక్కగా కొడుతున్నాడు పిల్లాడు. తండ్రి ఎక్కడ నిలబడి తీశాడో మాత్రం తెలియదు, మాట వినిపించదు. మా రోజుల్లో గీతలు లేవు, గట్టు మీంచి "సమ్మెట లేపు బిడ్డా" అనే గొంతు ఉండేది. ఆ పద్ధతికన్నా ఈ పద్ధతి మంచిదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఇప్పుడు అల్ వక్రాకు మెట్రోలో వెళ్ళొచ్చు కూడా. అమ్మానాన్నల కొత్త ఇంటికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు అన్నంత సుఖం వచ్చింది. అందుకే ఇక ఎప్పుడూ వెళ్ళనేమోనని అనుమానం, సామాను సర్దేటప్పుడు తప్ప.

ఆ మహర్నవమి తర్వాతి శుక్రవారం మాట చెప్పి ముగిస్తాను. పొద్దున్నే లేచి జెర్సీ వేసుకున్నాను. పండగ అయిపోయింది, బ్యాటు విశ్రాంతి అయిపోయింది. కెంజి బ్యాటే కావాలని ఒళ్ళంతా కోరుకుంటోంది, కాని నాన్న కొన్న బ్యాటును వదిలేసి ఆయన పక్కన కారెక్కడం ఎలాగో తెలియలేదు. సరే, ఇంకో ఏడాది గాలికి ఒళ్ళు నొప్పి పుట్టిద్దామనుకుని, దాన్ని భుజం మీద వేసుకుని గుమ్మం దాకా వచ్చాను. నాన్న నా భుజం మీంచి దాన్ని తీసుకున్నాడు. తీసుకెళ్ళి దేవుడి అలమార పక్కన నిలబెట్టాడు. ఇంకా రాలని గంధం వేలితో సర్దాడు.

"వద్దులేరా," అన్నాడు. "ఇది ఇంట్లో ఉంటేనే బాగా ఆడుతోంది."

కారులో రెండు సిగ్నళ్ళు దాటాం. మూడో సిగ్నల్ దగ్గర, ఎదురుగా ఎర్ర లైటు వైపే చూస్తూ, "ఆ జపాన్ పిల్లాడి వాళ్ళ నాన్న ఆ బ్యాటు ఎక్కడ కొన్నాడో కాస్త అడుగు," అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. అదే సైజు చూద్దాం." లైటు పచ్చగా మారింది. గేరు వేస్తూ, "పెద్దది వద్దు," అన్నాడు.

ఆ సాయంత్రమే అల్ సద్‌లో ఒక దుకాణంలో కొన్నాడు. నా పక్కన నిలబెట్టి, వంగి, ఒక కన్ను మూసి, నా తుంటి దాకా కొలిచి, గదిని చూసినంత శ్రద్ధగా చూసి కొన్నాడు. నాకు సరిగ్గా సరిపోయే వస్తువు నాన్న నాకు కొనడం అదే మొదటిసారి. ఆ సీజన్‌లో దాంతో నేను తెగ కొట్టాను అనలేను గాని, గాలిని మాత్రం తక్కువ కొట్టాను. శుక్రవారాలు మాకు మిగిలాయి. వేసవి సెలవులు గడిచి మళ్ళీ ఆట మొదలయ్యేసరికి, ఆ బ్యాటు నాకు పొట్టిదైపోయింది. గట్టు మీద నాన్నకు చూపించాను. ఆయన బ్యాటును చూశాడు, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకిచ్చి, అది చల్లారేదాకా నవ్వుతూనే ఉన్నాడు.